తెల్లకోటు కింద కులం: గచ్చిబౌలి నుంచి వరంగల్ దాకా

హైదరాబాద్ పడమటి కొసన, గచ్చిబౌలి దగ్గర, ఒకే రోడ్డుకి అటూ ఇటూ రెండు లోకాలు వున్నాయి. ఒకటి, 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌తో మొదలై కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా పాకిపోయిన హైటెక్ సిటీ. రెండోది, దానికి పాతికేళ్ళ ముందే, 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. టవర్ల లోకంలో "స్ట్రెస్" అనే మాటకి గౌరవం వుంది. కంపెనీలు కౌన్సిలర్లని పెట్టుకుంటాయి. చుట్టూ లేచిన కార్పొరేట్ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓ.పి.లు నడుస్తాయి. అక్కడ మనసు బాగాలేకపోతే అది జబ్బు, వైద్యం చేయించాలి. రోడ్డుకి ఇవతల, క్యాంపస్‌లో, ఒక దళిత విద్యార్థి చనిపోయినప్పుడల్లా ఇదే మాట వేరే పని చేసింది. ఇక్కడ మనసు బాగాలేకపోవడం అంటే సంస్థ తప్పేమీ లేదని చెప్పే వాంగ్మూలం.

2008 ఫిబ్రవరిలో ఫిజిక్స్ పరిశోధకుడు సెంథిల్ కుమార్ హాస్టల్లో చనిపోయాడు. తమిళనాడు సేలం ప్రాంతంలో, పందుల పెంపకం మీద బతికే పన్నియాండి కులం నుంచి పిహెచ్.డి. దాకా వచ్చినవాడు. చేరి నెలలు గడిచినా గైడ్ దొరకలేదు, ఫెలోషిప్ ఆగింది. తర్వాత విచారించిన వినోద్ పావరాల కమిటీ, ఆ విభాగంలో నియమాలు స్పష్టంగా లేకపోవడాన్నీ వాటిని ఎవరికి తోచినట్టు వాళ్ళు అమలు చేయడాన్నీ ఎత్తిచూపింది. 2013 నవంబరులో కెమిస్ట్రీ పరిశోధకుడు మాదారి వెంకటేష్. 2016 జనవరి 17న రోహిత్ వేముల. రోహిత్ మరణం మీద కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్, కారణాలన్నీ అతని వ్యక్తిగత నిస్పృహలోనే వున్నాయంది, పైగా అతను దళితుడే కాదంది. 2024 మే నెలలో తెలంగాణ పోలీసులు హైకోర్టులో వేసిన ముగింపు నివేదిక కూడా ఆ దారే పట్టింది. గొడవ లేచాక డి.జి.పి. మళ్ళీ దర్యాప్తు చేయిస్తామన్నాడు.

వీళ్ళు పరిశోధకులు, నేను రాయబోయేది వైద్యుల గురించి. అయినా ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం వుంది. చనిపోయినవాడి మనసునే ముద్దాయిగా నిలబెట్టే పద్ధతి తెలుగునాట గచ్చిబౌలి క్యాంపస్ చుట్టూ జరిగిన విచారణల్లోనే పదునెక్కింది. 2023లో ఒక డాక్టర్ చనిపోయినప్పుడు అది తయారుగా చేతికి దొరికింది.

ఆ డాక్టర్ ధారావత్ ప్రీతి. జనగామ జిల్లా లంబాడా తండా నుంచి వచ్చిన ఇరవయ్యారేళ్ళ అమ్మాయి. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్తీషియా పి.జి. మొదటి సంవత్సరం. 2023 ఫిబ్రవరి 22న ఎం.జి.ఎం. ఆస్పత్రిలో డ్యూటీలో వుండగా స్పృహ తప్పి కనిపించింది. హైదరాబాద్ నిమ్స్‌కి తెచ్చారు, 26న చనిపోయింది. ఒక సీనియర్ పి.జి. వేధించాడని పోలీసులు ర్యాగింగ్, ఆత్మహత్యకి పురికొల్పడం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టి అరెస్టు చేశారు. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ ఆమె రాసిన కేసు రిపోర్టుని ఎగతాళి చేశారని చెప్పారు. నేరం సంగతి తేల్చాల్సింది కోర్టు. తండ్రి అయితే అది ఆత్మహత్యే కాదన్నాడు, ఆ అనుమానాన్ని కూడా మనం పక్కన పెట్టకూడదు. కానీ చరిత్ర రాసేవాడికి ఒక్క విషయం చాలా ముఖ్యం. ఫిర్యాదు చావు తర్వాత రాలేదు, ముందే వెళ్ళింది. కూతురి బాధ తండ్రి పోలీసుల చెవిన వేశాడు, కాలేజీకి చేరింది, విభాగంలో పిలిచి మాట్లాడారు. ఆ మర్నాడే ఇది జరిగింది. అంటే వ్యవస్థకి తెలియక కాదు, తెలిసి చేసింది ఆ కాస్తే.

తర్వాత బయట వినబడ్డ మాటలు మామూలువే. పిల్ల సున్నితమట. చదువు ఒత్తిడట. అనస్తీషియాలో పొరపాటైతే పేషెంటు ప్రాణం పోతుంది కాబట్టి సీనియర్లు గట్టిగా చెప్పక తప్పదట. ఈ చివరి మాటలో నిజం వుంది, అందుకే అది ప్రమాదకరమైనది. వైద్యంలో కఠినంగా నేర్పాల్సిన సందర్భాలు వుంటాయి. ఆ కఠినత్వం ఎవరి మీద ఎంతసేపు, ఎవరి ముందు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న అడగాలంటే మెడికల్ సీటు చరిత్రలోకి వెళ్ళాలి.

వైద్యం చేతిపని. తెలుగు పల్లెల్లో పురుడు పోసింది మంత్రసాని. గడ్డ కోసింది, పుండు కడిగి కట్టు కట్టింది మంగలి. నెత్తురూ మాయా శవమూ ముట్టుకునే పని కాబట్టి అది అంటు పని. కంచ ఐలయ్య "పోస్ట్ హిందూ ఇండియా" (2009)లో మంగళ్ళని సామాజిక వైద్యులుగా చూపించింది ఈ చరిత్రని గుర్తుచేయడానికే. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెట్టారు, నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి అదే మూలం. పని డిగ్రీగా మారాక దాని అంటు పోయింది, పరపతి వచ్చింది. మునుపు ఆ పని చేసిన కులాలవాళ్ళు ఆస్పత్రిలో ఆయాలుగా, వార్డు బాయ్‌లుగా, మార్చురీ పనివాళ్ళుగా మిగిలారు.

మత్తు వైద్యానికి హైదరాబాద్‌లో గొప్ప చరిత్రే వుంది. 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫాం మీద రెండు కమిషన్లు ఇక్కడే, ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ పూనికతో పనిచేశాయి, నిజాం ప్రభుత్వం డబ్బుతో. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ స్త్రీని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలని చెప్పుకుంటారు. ఆమె తర్వాత నూటముప్పై ఏళ్ళు దాటాక ఒక లంబాడా అమ్మాయి అదే శాస్త్రం చదవడానికి వరంగల్లో చేరింది. ఈ దూరాన్ని ఎవరూ దయతలిచి తగ్గించలేదు. ఒక్కొక్క సీటుకీ కోర్టులో, వీధిలో యుద్ధం జరిగింది.

ఈ దేశంలో రిజర్వేషన్ల మీద మొదటి పెద్ద రాజ్యాంగ వివాదం మెడికల్ సీటు గురించే వచ్చిందన్న సంగతి మన విద్యార్థులకి చాలామందికి తెలీదు. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో వుండేది. ప్రతి పధ్నాలుగు సీట్లలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకి, రెండు వెనకబడిన హిందువులకి, రెండు బ్రాహ్మణులకి, రెండు హరిజనులకి, ఒకటి ఆంగ్లో ఇండియన్లకీ భారతీయ క్రైస్తవులకీ కలిపి, ఒకటి ముస్లింలకి. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ (1923), గుంటూరు మెడికల్ కాలేజీ (1946) అప్పుడు ఆ రాష్ట్రంలోవే. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ స్త్రీ, సీటుకి దరఖాస్తు కూడా పెట్టకుండానే, ఆ జీవో వల్ల తనకి అన్యాయం జరుగుతుందని కోర్టుకెళ్ళింది. 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీవోని కొట్టేసింది. ఆ ఏడే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో మెడికల్ కాలేజీల వెనకబడిన తరగతుల రిజర్వేషన్ 1968లో సాగర్ కేసులో సుప్రీంకోర్టు దగ్గర వీగిపోయి, 1972లో బలరాం కేసులో నిలిచింది. 1981లో అహ్మదాబాద్‌లో రిజర్వేషన్ వ్యతిరేక అల్లర్లు మొదలైంది కూడా మెడికల్ కాలేజీలో, పి.జి. సీటు దగ్గర. 1990లో మండల్ మీద, 2006లో ఓబీసీ కోటా మీద వైద్య విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. మన తాతముత్తాతల పని వాళ్ళకి నిరసన ప్రదర్శన! ఆ చీపురు పట్టిన చేతులే ఇవాళ ప్రొఫెసర్లై వైవా బల్లకి అవతల కూర్చున్నాయి. అందరూ అని అనడం లేదు, కానీ ఆ తరం ఎక్కడికీ పోలేదు.

కాబట్టి మన పిల్లలు వార్డులో అడుగు పెట్టేసరికే వాళ్ళ మీద ఒక కేసు నడుస్తూ వుంటుంది. కౌన్సెలింగ్ జాబితాలో పేరు పక్కన కేటగిరీ వుంటుంది, ర్యాంకు వుంటుంది, రెండూ అందరి ఫోన్లలో వుంటాయి. మేనేజ్‌మెంట్ కోటాలో, ఎన్నారై కోటాలో డబ్బు కట్టి చేరినవాడి ర్యాంకు గురించి డ్యూటీ రూమ్‌లో చర్చ జరగదు. డబ్బు మెరిట్‌ని చెడగొట్టదు మరి.

ఇక పి.జి. చదువు తీరు చూడండి. మూడేళ్ళూ ఒకే విభాగం. థీసిస్ మీద సంతకం పెట్టేది, కేసులు పంచేది, సెలవు ఇచ్చేది, ప్రాక్టికల్ పరీక్షలో పక్కన కూర్చునేది ఆ నలుగురే. మొదటి సంవత్సరంవాడి మీద రెండో సంవత్సరంవాడు, వాడి మీద సీనియర్ రెసిడెంట్, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్. అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతకి ఇంతకన్నా శుద్ధమైన నమూనా యూనివర్శిటీలో కూడా దొరకదు. పై మెట్టువాడు ఏడాది కిందట తాను పడ్డదే కింద మెట్టువాడి మీద వేస్తాడు, దాన్ని సంప్రదాయం అంటాడు. ఈ నిచ్చెన అన్ని కులాలవాళ్ళనీ నలిపేమాట నిజం. ఇందులో కులం చేరినప్పుడు ఏం జరుగుతుందో థోరాట్ కమిటీ 2007లోనే ఢిల్లీ ఎయిమ్స్ గురించి రాసింది. పాఠాల్లో, మూల్యాంకనంలో వివక్ష, హాస్టల్లో వేధింపు భరించలేక ఎస్సీ ఎస్టీ విద్యార్థులు కొన్ని అంతస్తుల్లోకి వెళ్ళి గుమిగూడటం. అంటే దేశంలోకెల్లా పెద్ద వైద్య సంస్థలో ఒక వాడ ఏర్పడింది. 2019 మే 22న ముంబయి నాయర్ ఆస్పత్రిలో గైనకాలజీ పి.జి. డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. తడ్వీ భిల్ ఆదివాసీ, ముస్లిం. ముగ్గురు సీనియర్ డాక్టర్లని అరెస్టు చేశారు. నాలుగేళ్ళ తేడాతో పాయల్, ప్రీతి. ఇద్దరూ ఆడవాళ్ళు, ఇద్దరూ ఆదివాసీలు, ఇద్దరికీ ఇరవయ్యారేళ్ళే, ఇద్దరి తరఫునా ఇంట్లోవాళ్ళు ముందే మొరపెట్టుకున్నారు.

పని గంటల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నిద్ర లేని మనిషికి అవమానం రెట్టింపు తగులుతుంది. 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ పథకం ఉత్తర్వు, మామూలుగా ఏకధాటి డ్యూటీ 12 గంటలు దాటకూడదని, వారానికి 48 గంటలని రాసింది. వార్డుల్లో దాన్ని ఎవరూ చూసినవాళ్ళు లేరు, ముప్పయ్యారు గంటల డ్యూటీ ఇప్పటికీ వింత కాదు. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన పి.జి. నిబంధనల్లో "సముచితమైన పని గంటలు" అన్నారు. 1992లో అంకె వుంది, 2023కి అది విశేషణం అయింది. కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సే 2024లో వారానికి 74 గంటలు దాటొద్దని, ఒక రోజు సెలవు ఇవ్వాలని సిఫారసు చేసింది. ముప్పై ఏళ్ళ తర్వాత మనం అడుగుతున్నది మొదట రాసిచ్చిన దానికన్నా ఇరవయ్యారు గంటలు ఎక్కువ!

ఆ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేకి 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, 5,337 మంది పి.జి.లు జవాబిచ్చారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్ళు ఎం.బి.బి.ఎస్.లో 16.2 శాతం, పి.జి.లో 31.2 శాతం. ఇష్టమున్నవాళ్ళు జవాబిచ్చిన సర్వే కాబట్టి ఈ అంకెల్ని దేశం మొత్తానికి పరచలేం. కానీ పి.జి.లో దాదాపు రెట్టింపవడాన్ని తోసేయలేం. అంతకు ముందు సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం 2018 నుంచి 2022 దాకా అయిదేళ్ళలో 122 మంది వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు, 64 మంది ఎం.బి.బి.ఎస్., 58 మంది పి.జి. చదువు మధ్యలో వదిలేసినవాళ్ళు 1,270 మంది, వాళ్ళలో 1,117 మంది పి.జి.లే. ఈ రెండో అంకె గురించి ఎవరూ మాట్లాడరు. వదిలేసి ఇంటికొచ్చినవాడు బతికే వున్నాడు, అందుకని వార్త కాడు. అతనిది ఏ కులమో ఆ లెక్క చెప్పదు. జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా వేసే ఆత్మహత్యల పట్టికల్లో కూడా వృత్తి, చదువు, ఆదాయం వుంటాయి, కులం వుండదు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అనేక దేశాల అధ్యయనాల్ని కలిపి 2004లో చేసిన లెక్కలో, మామూలు జనంతో పోలిస్తే ఆత్మహత్య మగ డాక్టర్లలో 1.41 రెట్లు, ఆడ డాక్టర్లలో 2.27 రెట్లు వున్నట్టు తేలింది. అమెరికాలో కోవిడ్ మొదటి విడతలో న్యూయార్క్ డాక్టర్ లోర్నా బ్రీన్ చనిపోయాక, ఆమె పేరు మీదే 2022లో వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం చట్టం వచ్చింది. అక్కడ ఆమె పేరు చట్టానికి పెట్టారు. ఇక్కడ మన పిల్లల కులధ్రువీకరణ పత్రం మీద విచారణ పెట్టారు.

ఇప్పుడు మనవైపు నుంచి ఒక మాట. రోహిత్ తర్వాత "ఇది ఆత్మహత్య కాదు, సంస్థాగత హత్య" అన్న నినాదం దేశమంతా పాకింది. రాజకీయంగా అది సరైన నినాదం. చనిపోయినవాడి మనసు మీద నేరం మోపే కమిషన్ల నోరు మూయించడానికి అది కావాలి. కానీ ఆ నినాదం చావు తర్వాత పనిచేస్తుంది. చావుకి ముందు, రాత్రి మూడింటికి డ్యూటీ రూమ్‌లో ఒంటరిగా కూర్చున్న మనిషికి అది ఏమీ చెప్పదు. "కుంగుబాటు" అనే మాట ఆధిపత్య కులాల కమిటీలు వాడుకున్నాయి కాబట్టి అది వాళ్ళ మాటే అని వదిలేస్తే నష్టం మనకే. ఆకలి వల్ల వచ్చిన క్షయని క్షయ కాదని ఎవరూ అనరు. దానికి మందూ కావాలి, కూలి పెంచమని పోరాటమూ కావాలి. కులం వల్ల వచ్చిన కుంగుబాటూ అంతే. వైద్యం తీసుకుంటున్న మనిషి ఫిర్యాదు చెల్లకుండా పోదు.

అయితే డాక్టర్‌కి వైద్యం దొరకడం సులువనుకోవద్దు. మెడికల్ కాలేజీలో సైకియాట్రిస్టు అంటే ఎవరు? పక్క విభాగం ప్రొఫెసర్. తన హెచ్.ఓ.డి.తో రోజూ టీ తాగే మనిషి. ఓ.పి. చీటీ రాసేది తన బ్యాచ్‌మేటే. అక్కడికి వెళ్తే సాయంత్రానికి క్వార్టర్స్ అంతా తెలుస్తుంది, "రిజర్వేషన్ కేసు" అన్నవాళ్ళకి "మెంటల్ కేసు" కూడా దొరుకుతుంది. పైగా ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరంగా వున్న కాలమంతా బతికి బయటపడ్డ డాక్టర్లు దాన్ని దాచుకోవాల్సి వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ భారాన్ని తేలిక చేసింది, 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. చట్టం పోయినా భయం పోవడానికి కాలం పడుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు 14416కి పగలూ రాత్రీ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు, పేరు చెప్పాలన్న నిర్బంధం లేదు. కాలేజీకి సంబంధం లేని గొంతు అది, అదే దాని మంచి. హాస్టల్ గోడల మీద ఫ్రెషర్స్ డే పోస్టర్ల పక్కన ఈ నంబరు రాయడం విద్యార్థి సంఘాలు ఇవాళే చేయగల పని.

ఇక్కడ మళ్ళీ గచ్చిబౌలికి రావాలి. కాలేజీ బయట, తెలిసినవాళ్ళెవరూ లేని చోట, చెప్పుకునే సౌకర్యం కారిడార్‌లో వుంది. గంటకి ఇంత అని ఫీజు కడితే ఎవరికీ తెలియకుండా కౌన్సిలర్ దొరుకుతారు. కానీ 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకి దిగింది స్టైపెండు సకాలంలో ఇవ్వమని. స్టైపెండులో సగం ఇంటికి పంపే మొదటి తరం డాక్టర్‌కి ఆ ఫీజు అందదు. పి.జి. అయ్యాక కూడా ఆ కారిడార్‌లో వుద్యోగం తేలిక కాదు. ప్రైవేటు ఆస్పత్రిలో రిజర్వేషన్ లేదు. పేషెంట్లని తెచ్చే బంధువర్గం, పెట్టుబడి పెట్టే మామగారు వున్నవాడు కన్సల్టెంట్ అవుతాడు, లేనివాడు రాత్రి డ్యూటీ డాక్టర్‌గా మిగులుతాడు. అందుకే మనవాళ్ళకి సర్కారు కొలువే దిక్కు. ఆ కొలువుకి దారి పి.జి. సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ విభాగం చేతిలో. ఫిర్యాదు చేస్తే ఏం పోతుందో ప్రతి పి.జి.కీ తెలుసు. పిల్లలు నోరు మెదపరెందుకని అడిగేవాళ్ళు ఈ లెక్క వేసి చూడాలి.

చట్టాలు లేవా అంటే వున్నాయి. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. వైద్య మండలి 2009లో ర్యాగింగ్ నిబంధనలు తెచ్చింది. యూజీసీ 2012లో వివక్ష నివారణకి సమానత్వ నిబంధనలు తెచ్చింది. వీటన్నింటిలోనూ ఫిర్యాదు తీసుకునేది సంస్థే, విచారించేది సంస్థే, పరువు పోతుందని భయపడేదీ సంస్థే. 2012 నిబంధనల్ని అమలు చేయించమని 2019లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది ఇద్దరు తల్లులు, గచ్చిబౌలిలో కొడుకుని పోగొట్టుకున్న రాధిక వేముల, ముంబయిలో కూతుర్ని పోగొట్టుకున్న ఆబేదా తడ్వీ. ఒకరు పరిశోధకుడి తల్లి, ఒకరు డాక్టర్ తల్లి. ఆ కేసు నడుస్తుండగానే 2025 మార్చిలో సుప్రీంకోర్టు, ఐ.ఐ.టి. ఢిల్లీ విద్యార్థుల మరణాల కేసులో, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మాజీ న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. తల్లుల కేసు ఫలితంగా యూజీసీ 2026 జనవరి 13న కొత్త సమానత్వ నిబంధనలు ప్రకటించింది. ఆధిపత్య కులాల విద్యార్థులు రోడ్డెక్కారు. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసి, అప్పటికి 2012 నిబంధనలే కొనసాగుతాయంది. తల్లులు పిటిషన్ వేసేనాటికి ప్రీతి ఇంకా ఎం.బి.బి.ఎస్. వయసు పిల్ల.